కాళ్ళు పడిపోయిన తాబేలును ఏం చేయాలి? ఉంచుకోవాలా, ఇచ్చేయాలా, కారుణ్య మరణమా: నిర్ణయానికి ఒక పద్ధతి

అక్వేరియం షాపులో రూపాయి బిళ్ళంత పిల్లగా కొన్న పచ్చ తాబేలు పెద్దదయ్యేసరికి 25 సెంటీమీటర్లు దాటొచ్చు. ఈలోపు చాలా ఇళ్ళలో ఏదో ఒకటి జరుగుతుంది. చిప్ప మెత్తబడి వంకర తిరుగుతుంది. బాల్కనీ మీంచి పడుతుంది, లేదా కుక్క నోట చిక్కుతుంది. ఆ తర్వాత వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ తిరుగుతుంటే ఇంట్లోవాళ్ళందరికీ టెన్షన్. నన్ను అడిగేవాళ్ళవి ఎప్పుడూ ఇవే ప్రశ్నలు: ఇది బాధపడుతోందా? ఇలా ఉంచుకోవడం తప్పా? గుడి కోనేట్లో వదిలేస్తే పుణ్యమేనా? డాక్టర్ ఇంజెక్షన్ వేసేద్దామంటున్నారు, పాపం కాదా?

నేను చెప్పేది ఒక్కటే. తాబేలుకు కావలసిన వేడి, ఎండ, తిండి సరిగ్గా అందాకే దాని బతుకు ఎలా ఉందో తేల్చగలం. వేడి చాలక మూల కూర్చున్న తాబేలు చావుబతుకుల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. ముందు లోపం సరిదిద్దండి, తర్వాత కొలవండి, ఆపైన నిర్ణయించండి. ఈ వరుస తప్పితే బతకాల్సినదాన్ని చంపుకుంటాం, లేదా బాధపడుతున్నదాన్ని నెలల తరబడి సాగదీస్తాం.

ఇక్కడ చెప్పేదంతా మన ఇళ్ళలో ఎక్కువగా ఉండే ఆ పచ్చ తాబేలు, అంటే రెడ్ ఇయర్డ్ స్లైడర్ గురించి. ఇగువానా (పెద్ద బల్లి జాతి), బాల్ పైథాన్ (ఒక రకం కొండచిలువ) లాంటివి ఉన్నవాళ్ళు వేడి, తిండి లెక్కలు మార్చుకుని ఇదే వరుస పాటించొచ్చు.

కావలసినవి

- గ్రాముల్లో చూపించే డిజిటల్ త్రాసు. వంటింటిది వద్దు, దీనికి వేరేది కొనండి.
- రెండు థర్మామీటర్లు: ఒకటి నీళ్ళకి, ఒకటి ఎండ కాచుకునే చోటికి.
- సరీసృపాలకని అమ్మే యూవీబీ ట్యూబు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలనిచ్చేది), వేడికి ఒక ఫిలమెంట్ బల్బు.
- లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న ప్లాస్టిక్ టబ్బు, గరుకుగా ఉన్న ఏటవాలు పలక.
- తాబేలు గుళికలు, ఆకుకూరలు, సముద్రపు నురుగు ముక్క (కటిల్‌ఫిష్ ఎముక). ఈ ముక్క ఆయుర్వేద మందుల కొట్లో, పక్షుల తిండి అమ్మేచోట దొరుకుతుంది.
- ఒక నోటుబుక్కు.

1. ముందు మీ దగ్గరున్నది ఏ తాబేలో తేల్చుకోండి

కంటి వెనక ఎర్రటి చార ఉంటే అది రెడ్ ఇయర్డ్ స్లైడర్, అమెరికా జాతి. చిప్ప మీద పసుపు నక్షత్రాల్లా గీతలుంటే నక్షత్ర తాబేలు. మన చెరువుల్లో, పొలాల్లో దొరికే తాబేళ్ళు వేరే. నక్షత్ర తాబేలుకీ, మన చెరువు తాబేళ్ళకీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణ ఉంది. అనుమతి లేకుండా వాటిని ఇంట్లో ఉంచుకోవడం నేరం. "దెబ్బతిన్నది కదా, మేమే బాగా చూసుకుంటాం" అన్నా చట్టం ఒప్పుకోదు. తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఎవరో ఇచ్చారన్నా అంతే. అలాంటిదైతే అటవీశాఖ కార్యాలయానికి తెలియజేసి అప్పగించండి. దాని చికిత్స, చావుబతుకుల నిర్ణయం మీది కాదు. మిగతా మెట్లు స్లైడర్ ఉన్నవాళ్ళకే.

2. డాక్టర్‌కి చూపించి, ఈ ఐదు ప్రశ్నలు అడగండి

కుక్కల్ని, పిల్లుల్ని మాత్రమే చూసే క్లినిక్ అయితే అక్కడే మొహమాటం లేకుండా "తాబేళ్ళను చూసే డాక్టర్ ఎవరు?" అని అడగండి. దగ్గరలో ఎవరూ లేకపోతే పశువైద్య కళాశాలల ఆసుపత్రులను కనుక్కోండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి, గరివిడిలో కళాశాలలున్నాయి. ముందుగా ఫోన్ చేసి సరీసృపాలను చూసేవారు ఏ రోజు ఉంటారో తెలుసుకుని వెళ్ళండి. తీసుకెళ్ళేటప్పుడు నీళ్ళ బకెట్ వద్దు. గాలి రంధ్రాలున్న డబ్బాలో తడి తువ్వాలు పరిచి, అందులో పెట్టండి.

అడగాల్సినవి:

- ఎక్స్‌రేలో ఎముక ఎక్కడ విరిగింది? తాబేలు నడుము వెన్నుపూస చిప్పకే అతుక్కుని ఉంటుంది. చిప్ప నడిమధ్య పగులుంటే వెన్నుపాముకు దెబ్బ తగిలి ఉండొచ్చు.
- ఆడదైతే లోపల గుడ్లు ఇరుక్కున్నాయా? మగది లేకపోయినా ఆడ తాబేలు గుడ్లు పెడుతుంది. అవి బయటికి రాకపోతే వెనక కాళ్ళు బలహీనపడొచ్చు. పక్షవాతం అనుకున్నది గుడ్ల ఇబ్బందే కావచ్చు.
- మలమూత్రాలు దానంతటదే విసర్జిస్తోందా?
- వెనక కాలికి స్పర్శ ఉందా? గిల్లగానే కాలు లాక్కుంటే స్పర్శ ఉన్నట్టేనని సంబరపడకండి. మెదడుకు సంబంధం లేకుండా వెన్నుపాము స్థాయిలోనే కాలు కదలొచ్చు. గిల్లినప్పుడు తల తిప్పి చూస్తోందా, కరవబోతోందా అన్నది గమనించమనండి.
- నొప్పికి ఏం ఇస్తున్నారు?

చివరి ప్రశ్న మాత్రం అడగకుండా రావద్దు. తాబేలు అరవదు, మూలగదు కాబట్టి దాని నొప్పికి మందు రాయడం మర్చిపోతారు. స్లైడర్ల మీద జరిగిన పరిశోధనల్లో బ్యుటార్ఫనాల్ నొప్పి తగ్గించలేదనీ, మార్ఫిన్, ట్రమడాల్ తగ్గించాయనీ తేలింది. ఏది ఎంత ఇవ్వాలన్నది డాక్టరే చెప్పాలి. మీరు తెలిసినట్టు మాట్లాడితే వాళ్ళూ శ్రద్ధగా ఆలోచిస్తారు.

జాగ్రత్త: ఐవర్‌మెక్టిన్ తాబేళ్ళకు విషం. కుక్కకు గజ్జికి వేసిన మందు మిగిలింది కదా అని చుక్క కూడా వేయకండి, ఎవరైనా వేయబోతే ఆపండి. మనుషుల నొప్పి మాత్రలు కూడా పెట్టొద్దు. పగిలిన చిప్ప మీద ఇంట్లో ఫెవిక్విక్, ఎం-సీల్ పూయడం ఇంకో పెద్ద పొరపాటు. సూక్ష్మక్రిములు లోపలే చిక్కుకుని చీము పడుతుంది. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, లోపల కుళ్ళుతుంది.

నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కులోంచి బుడగలు, నీళ్ళలో ఒక పక్కకి ఒరిగి ఈదడం, తోక దగ్గర ఎర్రటి మాంసం బయటికి రావడం, గాయంలో పురుగులు. వీటిలో ఏది కనిపించినా అదే రోజు వెళ్ళాలి. బయటికొచ్చిన మాంసాన్ని తడిగుడ్డతో కప్పి ఉంచండి, చేత్తో లోపలికి నెట్టకండి.

3. వేడి, ఎండ, తిండి సరిచేయండి

చాలా కేసులు తేలేది ఇక్కడే. అందుకే ఈ మెట్టు దగ్గర తొందరపడొద్దని బతిమాలుతున్నాను.

*నీళ్ళు.* వైకల్యం ఉన్న తాబేలుకు లోతు నీళ్ళు ప్రమాదం. టబ్బు అడుగున కూర్చుని మెడ చాపితే ముక్కు బయటికి రావాలి. లోతు అంతకు మించకూడదు. తాబేలు నీళ్ళలో మునిగి చచ్చిపోదని చాలామంది అనుకుంటారు. అది ఊపిరితిత్తులతోనే గాలి పీలుస్తుంది, పైకి రాలేకపోతే మునిగే పోతుంది. నీళ్ళు 25 నుంచి 28 డిగ్రీలుండాలి. చలికాలం రాత్రి పల్చటి టబ్బులో నీళ్ళు ఎంత చల్లబడతాయో థర్మామీటర్ పెడితేగానీ తెలియదు.

*పొడి చోటు.* బల్బు కింద 30 నుంచి 33 డిగ్రీలు. రాయి ఎత్తుగా ఉంటే ఎక్కలేదు. ఏటవాలు పలకకు గోనెపట్టా చుట్టండి. ముందు కాళ్ళ గోళ్ళు దానికి పట్టుకుంటాయి. మూడు కాళ్ళ తాబేలు అలాంటి పలక ఎక్కడం దగ్గరగా చూశాను. ముందు గోళ్ళు పట్టాలో దించుకుని, మెడ ముందుకు చాచి, ఒళ్ళంతా ఒక్కసారి పైకి లాగుతుంది. కాసేపు ఆగుతుంది, మళ్ళీ లాగుతుంది. నున్నటి ప్లాస్టిక్ పలక మీద ఇదే తాబేలు జారిపోతే "పాపం, ఎక్కలేకపోతోంది" అంటాం.

*వెలుగు.* యూవీబీ కిరణాలు లేకపోతే ఒంట్లో డి3 విటమిన్ తయారవదు, తిన్న కాల్షియం ఎముకకు పట్టదు. చిప్ప మెత్తబడటానికి ముఖ్య కారణం ఇదే. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలో యూవీబీ దాదాపు ఉండదు. ట్యూబుకీ తాబేలుకీ మధ్య గాజు, ప్లాస్టిక్ మూత ఉండకూడదు. వెలుగు వస్తున్నా లోపలి యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి ఆరు నెలలకో ఏడాదికో, కంపెనీ చెప్పిన గడువులో మార్చాలి. ట్యూబు కొనలేకపోతే ఉదయం పూట డాబా మీద ఎండలో అరగంట ఉంచండి. టబ్బు సగానికి నీడ ఉండాలి, మనిషి పక్కనే ఉండాలి. గాజు తొట్టెతో పాటు ఎండలో పెడితే మన ఎండలకు లోపల ఉడికిపోతుంది. కాళ్ళు కదలని తాబేలు నీడలోకి పాక్కుంటూ వెళ్ళేలోపే ప్రాణం పోవచ్చు. అందుకే నీడ దానికి దగ్గరగా, ఒక్క అడుగు దూరంలో ఉండాలి.

*తిండి.* అన్నం, బ్రెడ్డు, ఎండు రొయ్యలు మాత్రమే పెట్టి పెంచిన తాబేళ్ళకే ఎక్కువగా ఈ కష్టాలు. గుళికలు, ఆకుకూరలు, తురిమిన క్యారెట్, అప్పుడప్పుడు ముళ్ళతో సహా చిన్న చేప పెట్టండి. పాలకూరలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియంను పట్టేస్తుంది, దాన్ని రోజూ పెట్టకండి. సముద్రపు నురుగు ముక్క నీళ్ళలో వేస్తే కొరుక్కుంటుంది. కళ్ళు వాచి మూసుకుపోయాయంటే గుడ్డిదైపోయిందని అనుకోకండి. చాలాసార్లు అది విటమిన్ ఎ లోపం, చికిత్స ఉంది. అయితే విటమిన్ ఇంజెక్షన్ మోతాదు మించితే చర్మం ఊడిపోతుంది, అది డాక్టర్ చేతిలోనే ఉండాలి.

తినడం లేదని నోరు బలవంతంగా తెరవకండి. ముందు నీళ్ళ వేడి చూడండి. చల్లగా ఉంటే తిన్నది అరగదు, అందుకే తినదు.

4. ఎనిమిది వారాలు రాయండి

డాక్టర్ వేరే గడువు చెబితే అదే పాటించండి. చిప్ప పగులు అతకడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఎముకలు మెత్తబడ్డ తాబేలులో మార్పు మాత్రం కొన్ని వారాల్లోనే కనిపించడం మొదలవుతుంది.

వారానికోసారి, ఒకే రోజు, తిండికి ముందు బరువు తూచండి. రోజూ ఈ నాలుగు రాయండి: తిండి దగ్గరికి తానే వచ్చిందా, పలక తానే ఎక్కిందా, విసర్జన జరిగిందా, కొత్త పుండు ఉందా. నెలకోసారి పైనుంచి, కిందనుంచి ఫోటో తీయండి.

ఇందులో "తానే" అన్నదే అసలు సంగతి. మీరు చేత్తో ఎత్తి పలక మీద పెట్టి, నోటి దగ్గర ముక్క పట్టుకుని తినిపించి "బాగానే ఉంది" అని రాసుకుంటే లెక్క తప్పుతుంది. సాయం చేయండి, కానీ సాయం చేసిన రోజు అలాగే రాయండి. డైరీ రాసే మనిషి ఒక్కరే ఉంటే ఇంకా మంచిది. అమ్మకు బాగున్నట్టు కనిపించేది నాన్నకు కనిపించకపోవచ్చు.

అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ జబ్బుపడ్డ పెంపుడు జంతువుల కోసం ఒక కొలత తయారుచేశారు. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, ఆనందం, కదలిక, చెడ్డరోజుల కన్నా మంచిరోజులు ఎక్కువున్నాయా అన్న ఏడింటికి ఒక్కొక్కదానికి 10 మార్కులు. మొత్తం 35 దాటితే బతుకు ఫర్వాలేదని లెక్క. అది కుక్కలు, పిల్లుల కోసం చేసినది. తాబేలుకు వాడేటప్పుడు "ఆనందం" అన్న చోట ఎండ కాచుకోవడం, కొత్తచోట వెతకడం, మనిషి రాగానే తిండి కోసం ముందుకు రావడం చూడండి. మార్కుల కన్నా, వారం వారం అవి పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్నది ముఖ్యం.

5. డైరీని ఇలా చదవండి

*ఉంచుకోవచ్చు అనిపించేవి:* బరువు నిలకడగా ఉంది లేదా పెరుగుతోంది, తానే తింటోంది, తానే ఎండకు వస్తోంది. కాలు తీసేసిన తాబేలు, చిప్ప వంకరపోయి గట్టిపడిన తాబేలు ఎక్కువగా ఈ కోవలోకే వస్తాయి. చూపు లేనిది కూడా వస్తుంది, తిండి రోజూ ఒకే మూల పెడితే వాసన పట్టుకుని వస్తుంది. వంకర చిప్ప చూసి బంధువులు "అయ్యో" అనడం తాబేలు బాధకు సాక్ష్యం కాదు.

*ఇంకా తేలనివి:* వెనక కాళ్ళు రెండూ పడిపోయి, ముందు కాళ్ళతో లాక్కుంటూ తింటున్నవి. ఇక్కడ కష్టం ఎక్కువగా విసర్జన దగ్గరా, పుండ్ల దగ్గరా వస్తుంది. పొట్టవైపు చిప్ప వెనక అంచు, ఈడ్చే కాళ్ళ పైభాగం రోజూ తిప్పి చూడండి. గులాబీ రంగు మచ్చ కనిపించిన రోజే టబ్బు అడుగున మెత్తటి స్పాంజి పరచండి. ఎనిమిది వారాలు చాలకపోతే డాక్టర్‌ని అడిగి ఇంకో ఎనిమిది చూడండి.

*ఇక సాగదీయకూడదు అనిపించేవి:* పరిస్థితులన్నీ సరిచేశాక కూడా బరువు 10 శాతానికి మించి తగ్గడం, మందులిచ్చినా తన కాలిని తానే కొరుక్కోవడం, పుండు మానేలోపు ఇంకో పుండు, విసర్జన తనంతట లేకపోవడం, ఎండకు కూడా రాకపోవడం. వీటిలో రెండు మూడు కలిసి వారాల తరబడి ఉంటే డాక్టర్‌తో కారుణ్య మరణం గురించి మాట్లాడండి.

"దాని ఆయువు ఉన్నంతవరకు ఉండనీ, మనమెందుకు తీయాలి" అని పెద్దవాళ్ళు అంటారు. ఆ మాట వెనక ఉన్న దయ నాకు తెలుసు. కానీ తాబేలు శరీరం చాలా నెమ్మదిగా నడుస్తుంది. కుక్క రోజుల్లో పడే యాతన, తాబేలు వారాలు, నెలలు పడుతుంది. దాని విషయంలో "సహజంగా పోనీ" అంటే ఆకలితో, చీముతో నెమ్మదిగా పోనీ అని అర్థం. నొప్పి తగ్గించే మందు, దారి రెండూ లేవని తేలాక వేచి ఉండటాన్ని నేను దయ అనలేను.

6. మీ ఇంటి లెక్క కూడా వేసుకోండి

స్లైడర్ 20 నుంచి 40 ఏళ్ళు బతకగలదు. ఇప్పుడు పదో తరగతి చదివే బాబు ముచ్చటపడి చూసుకుంటాడు. వాడు హాస్టల్‌కి వెళ్ళాక ఎవరు చూస్తారు? రోజూ నీళ్ళు మార్చడం, ఆరు నెలలకో ట్యూబు, డాక్టర్ ఖర్చు ఎవరి మీద పడతాయి? ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలు, గర్భిణి, పెద్దవయసువాళ్ళు ఉంటే సాల్మొనెల్లా (తాబేళ్ళ నుంచి మనుషులకు అంటుకునే సూక్ష్మక్రిమి) సంగతి కూడా చూడాలి. ఈ కారణంతోనే అమెరికాలో 1975లో 4 అంగుళాలలోపు తాబేళ్ళ అమ్మకం నిషేధించారు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, టబ్బును వంటింటి సింకులో కడగకూడదు.

చేయలేమని ఒప్పుకోవడంలో తప్పు లేదు. ఇవ్వాలనుకుంటే తీసుకునేవాళ్ళకు ఎక్స్‌రే, డైరీ ఇవ్వండి. వాళ్ళ దగ్గర యూవీబీ ట్యూబు ఉందో లేదో కళ్ళారా చూడండి. వైకల్యం దాచి ఇవ్వడం తాబేలుకూ వాళ్ళకూ ఇద్దరికీ అన్యాయం.

7. చెరువులో, కోనేట్లో వదలకండి

ఈదలేని తాబేలు మునిగిపోతుంది, లేదా కుక్కల పాలవుతుంది. బతికితే మన చెరువు తాబేళ్ళ తిండి, ఎండ కాచుకునే చోటు లాక్కుంటుంది, జబ్బులు అంటిస్తుంది. బయటి నుంచి వచ్చి స్థానిక జీవులను దెబ్బతీసే 100 ప్రమాదకర ఆక్రమణ జాతుల ప్రపంచ జాబితాలో స్లైడర్ ఉంది. గువాహటిలోని ఉగ్రతార గుడి కొలనులో కూడా ఇవి బయటపడ్డాయి. అక్కడికి నడిచి రాలేదు కదా, ఎవరో వదిలినవే. ఆకలితో అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడా.

8. కారుణ్య మరణమే నిర్ణయమైతే

ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి. ఫ్రీజర్‌లో పెడితే నిద్రలో పోతుందన్న మాట విస్తారంగా తిరుగుతోంది, అది తప్పు. చల్లబడే కొద్దీ ఒళ్ళు కదలదు, నొప్పి తెలియదని ఎవరూ హామీ ఇవ్వలేరు. నీళ్ళలో ముంచడం, తల నరకడం ఇంకా ఘోరం. తాబేలు మెదడు ఆక్సిజన్ లేకుండా చాలాసేపు తట్టుకుంటుంది.

డాక్టర్‌తో ముందే ఈ మూడు మాట్లాడుకోండి:

1. మొదట పూర్తి మత్తు ఇవ్వాలి. ముట్టుకున్నా, గిల్లినా స్పందన లేదని చూశాకే తర్వాతి ఇంజెక్షన్.
2. రెండోది ప్రాణం తీసే మోతాదులో మత్తుమందు.
3. మరణం ధ్రువీకరించడం. తాబేలు గుండె మెదడు చచ్చిపోయాక కూడా గంటల తరబడి కొట్టుకోవచ్చు. కదలిక లేదు కాబట్టి పోయిందనుకుంటే పొరపాటు. అందుకే మత్తులోనే మెదడును పూర్తిగా నాశనం చేసే చర్య కూడా చేయాలని అంతర్జాతీయ పశువైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. వినడానికి కఠినంగా ఉంటుంది, తాబేలుకు మాత్రం అదే భద్రం. ఆ సమయంలో మీరు బయట కూర్చోవచ్చు.

వెంటనే పూడ్చకండి. ఒక రోజు ఆగి, డాక్టర్ మరోసారి చూసి చెప్పాక లోతుగా పూడ్చండి. మందు ఉన్న కళేబరాన్ని కుక్కలు తవ్వి తింటే వాటికీ ప్రమాదం.

పిల్లలకు "పారిపోయింది" అని చెప్పకండి. డైరీ చూపించి, ఎందుకు నిర్ణయించామో చెప్పండి. వాళ్ళకు అర్థమవుతుంది.

9. ఉంచుకోవాలనే తేలితే

వారం బరువు ఆపకండి, రోజువారీ డైరీని వారానికి కుదించుకోవచ్చు. కదలని కాళ్ళ గోళ్ళు అరగవు, వంకర తిరిగి చర్మంలో గుచ్చుకుంటాయి. డాక్టర్‌తో కత్తిరించండి, లోపల రక్తనాళం ఉంటుంది. వేరే తాబేలుతో ఒకే టబ్బులో ఉంచకండి, ఆరోగ్యంగా ఉన్నది దీని కాళ్ళు కొరుకుతుంది. మూడు నెలలకోసారి 5వ మెట్టు మళ్ళీ చదివి, ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడండి. ఊరెళ్ళేటప్పుడు చూసుకునేవాళ్ళ కోసం నీళ్ళ లోతు గీత టబ్బు మీద మార్కర్‌తో గీసి, డాక్టర్ నంబరు దాని పక్కనే అంటించి వెళ్ళండి.